"లేదు" అనే మాటను కాగితం మీద రాసివ్వండి

గుంటూరు, విజయవాడ ప్రైవేటు ఆసుపత్రుల యాజమాన్యాలకు, డాక్టర్లకు, ముఖ్యంగా ఆరోగ్యశ్రీ కార్డు కేసులు చూసే నెట్‌వర్క్ ఆసుపత్రుల వారికి,

నమస్కారం. నేను గుంటూరు కొత్తపేటలో 1995 నుంచి మందుల షాపు నడుపుతున్నాను. మీలో చాలామందికి నా మొహం తెలుసు. మీ చేతిరాత చదవడం నా వృత్తి. ఇన్నేళ్ళలో మీరు రాసింది నేను చదవడమే కానీ, నేను రాసింది మీరు చదవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. ఇదే మొదటిసారి. కాస్త ఓపిగ్గా చదవండి, నా అక్షరాలు మీ ప్రిస్క్రిప్షన్ల కంటే నయంగానే ఉంటాయి.

పొద్దున ఆరున్నరకు షట్టర్ తీస్తాను. ఏడు దాటేసరికి మాచర్ల, గురజాల, వినుకొండ వైపు నుంచి మొదటి బస్సుల్లో వచ్చినవాళ్ళు బస్టాండులో దిగి, ఆటో ఎక్కి కొత్తపేటకు చేరతారు. చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. పాత రిపోర్టులు, ఎక్స్‌రే ఫిల్ము, ఆధార్ జిరాక్సు, రేషన్ కార్డు, అన్నీ అందులోనే. ఏ ఆసుపత్రి మెట్లూ ఎక్కకముందే నా షాపు ముందు ఆగుతారు. "అయ్యా, గుండెకు యాడ బాగా చూస్తారు?" అని అడుగుతారు. నేను చెబుతాను. వెంటనే రెండో ప్రశ్న వస్తుంది. "ఆడ కార్డు తీసుకుంటారా?"

మొదటి ప్రశ్నకు జవాబు చెప్పగలను. రెండో దానికి ఇప్పటికీ చెప్పలేను. పోయిన వారం తీసుకున్న ఆసుపత్రి ఈ వారం తీసుకోదు. పగలు తీసుకున్నది రాత్రి తీసుకోదు. బోర్డు మాత్రం గేటు దగ్గర అలాగే ఉంటుంది. ఈ లేఖ ఆ రెండో ప్రశ్న గురించే.

మిమ్మల్ని తిట్టడానికి రాయడం లేదు. ఆ పని చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళలో సగం మంది తమ ఇంట్లో ఎవరికైనా ఆయాసం వస్తే మీ గేటు ముందే కారు ఆపుతారు. నేను షాపు పెట్టిన కొత్తలో గుండె ఆపరేషన్ అంటే హైదరాబాదు నిమ్స్, లేకపోతే మద్రాసు, వెల్లూరు. వెళ్ళాలంటే అరెకరం అమ్మాలి. అమ్మడానికి లేనివాళ్ళు ఎమ్మెల్యే దగ్గర లెటరు పుచ్చుకుని ముఖ్యమంత్రి సహాయనిధికి అర్జీ పెట్టుకునేవాళ్ళు. మా వీధి చివర టైపు మిషను పెట్టుకున్నాయన దగ్గర ఆ అర్జీలు కొట్టించుకునేవాళ్ళు వరసలో నిలబడటం నాకింకా గుర్తే. జవాబు వచ్చేలోగా మనిషి పోయిన ఇళ్ళు కూడా తెలుసు.

2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. మరుసటి ఏడాదికి మన దాకా వచ్చింది. కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, చాలకపోతే పైన మరో 50 వేలు. ప్రభుత్వం డబ్బు కడుతుంది, ఆపరేషన్ మీరు చేస్తారు. అప్పటిదాకా రెండు గదుల నర్సింగ్ హోములుగా ఉన్నవి మా కళ్ళ ముందే అంతస్తులు లేచాయి. గుండె రక్తనాళాలు చూసే క్యాథ్ ల్యాబులు వచ్చాయి, డయాలసిస్ మిషన్లు వచ్చాయి. మిర్చి యార్డులో టిక్కీలు మోసే హమాలీ ఒకాయన ఛాతీ మీద నిలువు కుట్టుతో నా షాపు కొచ్చి, లుంగీ ముడిలోంచి చిల్లర తీసి మాత్రలు కొనుక్కున్న రోజున నాకు ఆశ్చర్యంగా అనిపించింది. బైపాస్ అనేది హమాలీకి కూడా జరుగుతుందని నేను అనుకోలేదు. ఆ పని మీరు చేశారు. డబ్బు ప్రభుత్వానిదే, కానీ చేయి మీది, ఆ రాత్రి డ్యూటీలో మేలుకున్నది మీ సిస్టర్లు. దాన్ని ఎవరూ కాదనలేరు.

అసలు గుంటూరుకు ఇది కొత్తేమీ కాదు. అన్నా కుగ్లర్ అనే అమెరికన్ మిషనరీ డాక్టరమ్మ 1883లో ఈ ఊరొచ్చింది. 1898లో ఆసుపత్రి తెరిచింది. అది సర్కారుది కాదు. మన మెడికల్ కాలేజీ వచ్చింది 1946లో, అప్పటికి కుగ్లర్ ఆసుపత్రిలో పుట్టిన ఆడపిల్లలకు మనవలు పుట్టి ఉంటారు. బెజవాడ సిద్ధార్థ మెడికల్ కాలేజీ సంగతి ఇంకా తమాషా. 1980లో ఒక ప్రైవేటు అకాడమీ పెట్టింది, కొన్నేళ్ళకు ప్రభుత్వం తీసుకుంది. కాబట్టి ప్రైవేటా, ప్రభుత్వమా అన్న వాదన మీద నాకు పెద్ద మోజు లేదు. బాపట్లతో సహా పది కొత్త మెడికల్ కాలేజీలను ప్రైవేటు భాగస్వామ్యంతో కట్టాలన్న నిర్ణయం మీద మా టీ బంకు దగ్గర రోజూ రెండు జట్లు కొట్లాడుకుంటున్నాయి. నేను టీ తాగి వచ్చేస్తున్నాను. నా బాధ వేరు.

నా బాధ మీ కౌంటరు దగ్గర మాట్లాడే భాష.

"బెడ్లు ఖాళీ లేవండి." "ఇది ప్యాకేజీలో రాదండి." "సర్వర్ డౌనండి." "సారు ఊళ్ళో లేరండి." "అప్రూవల్‌కు టైం పడుతుంది, ఈలోపు క్యాష్ కట్టండి, తర్వాత చూద్దాం." ఈ ఐదు వాక్యాలూ మా కొత్తపేటలో పిల్లలకు కూడా కంఠతా వచ్చు. చిత్రం ఏమిటంటే, వీటిలో ప్రతిదీ ఏదో ఒక రోజు నిజమే. నిజంగానే బెడ్డు ఉండదు. నిజంగానే సర్వర్ పడిపోతుంది. ఏ రోజు నిజం, ఏ రోజు కాదు అన్నది మాత్రం ఆ కుర్చీలో కూర్చున్న కుర్రాడికి, దేవుడికి తప్ప ఎవరికీ తెలియదు. నోటి మాట కదా, గాలిలో కలిసిపోతుంది.

నాకు ఇది పుస్తకాల్లో తెలిసింది కాదు. మూడేళ్ళ క్రితం మా బావగారికి జరిగింది. ఏ ఆసుపత్రి, ఎవరు అన్నది రాయను. ఒకరి మీద కక్షతో రాసే లేఖ కాదిది.

మా అక్కయ్య వాళ్ళది సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు. రెండెకరాల కౌలు. రాత్రి తొమ్మిదింటికి అన్నం తిని మంచం మీద కూర్చున్న మనిషి, ఎడమ భుజం లాగుతోంది అన్నాడట. గ్యాస్ అనుకుని సోడా తాగించారు. మన ఇళ్ళల్లో గుండెపోటుకు మొదటి మందు సోడానే కదా. చెమటలు పట్టేసరికి మేనల్లుడు భయపడి సత్తెనపల్లి తీసుకెళ్ళాడు. అక్కడి డాక్టరు గారు ఈసీజీ తీసి, నాలిక కింద మాత్ర పెట్టి, ఇంకా ఏవో మాత్రలు మింగించి, "ఆలస్యం చేయకుండా గుంటూరు పొండి" అన్నారు. ఆ మహానుభావుడికి ఇప్పటికీ దణ్ణం పెడతాను. మేనల్లుడు దారిలోంచి నాకు ఫోన్ చేశాడు. "మావయ్యా, నాన్నను తీసుకొస్తున్నా, ఎక్కడికి రమ్మంటావు?"

నాకు నవ్వొచ్చేంత ధీమా. కొత్తపేటలో ఏ మేడలో ఏ స్పెషలిస్టు ఉంటాడో కళ్ళు మూసుకుని చెప్పగలను. ఫలానా చోటికి రమ్మని చెప్పి నేను ముందే వెళ్ళి గేటు దగ్గర నిలబడ్డాను. పదకొండున్నరకు వచ్చారు. లోపలికి తీసుకెళ్ళారు, మళ్ళీ ఈసీజీ తీశారు. కౌంటరు కుర్రాడు కార్డు చూశాడు, లోపలికి వెళ్ళి వచ్చాడు.

"కార్డు మీద బెడ్డు లేదండి."

"క్యాష్ మీద?"

"అడిగి చెప్తానండి." ఫోన్ చేశాడు. "ఉందండి. లక్షన్నర డిపాజిట్ కట్టండి."

ఒకటే బెడ్డు, ఒకే మనిషి. మనిషి చేతిలో కార్డుంటే బెడ్డు లేదు, డబ్బుంటే ఉంది. నేను గొడవ పెట్టుకున్నాను. ఇక్కడే నా తప్పు కూడా ఉంది, దాచను. ఆ టైములో నలుగురు తోటి షాపుల వాళ్ళను లేపి ఉంటే లక్షన్నర పోగయ్యేది. నేనేమో నా పరపతి, నా హక్కు అంటూ పావుగంట అరిచాను. బావ స్ట్రెచర్ మీదనుంచి, "కార్డుండగా అప్పెందుకురా, ఇంకోచోటికి పోదాం పద" అన్నాడు. కౌలు రైతు బుద్ధి, చావు దగ్గర పెట్టుకుని కూడా వడ్డీ లెక్క చూసుకుంటుంది. బయల్దేరాం. తీసిన ఈసీజీ కాగితం ఇవ్వమంటే, "అది మా ఫైల్లో ఉండాలండి" అన్నారు. అసలు చేర్చుకోని మనిషికి ఫైలు ఎక్కడిదో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

రెండో చోట సర్వర్ డౌన్. అత్యవసరమైతే ఫోన్ మీదే అనుమతి తీసుకునే ఏర్పాటు ఈ పథకంలో ఉంది. ఆ సంగతి నాకు తెలుసు, వాళ్ళకూ తెలుసు. అడిగితే, "రాత్రి పూట ఎత్తరండి" అన్నారు. మూడో చోట చేర్చుకున్నారు. డ్యూటీ డాక్టరు, ముప్ఫై ఏళ్ళు కూడా ఉండవు ఆ అమ్మాయికి, "ముందు ఏం మాత్రలు ఇచ్చారు?" అని అడిగింది. మేనల్లుడు, "తెల్లది ఒకటి, గులాబీ రంగువి నాలుగు మేడం" అన్నాడు. ఒక మనిషి ప్రాణం ఆ రంగుల మీద ఆధారపడి ఉంది. ఆ గులాబీ రంగువి ఏమై ఉంటాయో ఊహించి నేను చెప్పాను, తను రాసుకుంది. మందుల షాపువాడు మావయ్య కాని వాళ్ళ సంగతేమిటి?

స్టెంటు పడింది. బావ బతికాడు. పొద్దున పెద్ద డాక్టరు గారు నన్ను పక్కకు పిలిచి, "రెండు గంటలు ముందు తెచ్చి ఉంటే గుండె ఇంత దెబ్బ తినేది కాదు" అన్నారు. రక్తనాళం మూసుకుపోయాక గుండె కండరం నిమిషానికి కాస్త చొప్పున చచ్చిపోతుందని మీకు నేను చెప్పాలా? ఆ రెండు గంటల్లో సగం పైగా కొత్తపేటలోనే, కిలోమీటరు దూరం కూడా లేని మూడు గేట్ల మధ్య పోయింది. ఇప్పుడు బావ చేనుకు పోతాడు, గట్టు మీద కూర్చుంటాడు. దున్నలేడు. కౌలు వదిలేశారు.

నెల తర్వాత కోపం తగ్గక పథకం ఫిర్యాదుల నంబరు 104కు ఫోన్ చేసి ఫిర్యాదు చెప్పాను. అవతల అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. అంతా విని ఒక్క ప్రశ్న అడిగింది.

"చేర్చుకోము అని వాళ్ళు రాసిచ్చిందేమైనా ఉందాండి?"

లేదు. ఏముంటుంది? ఆ రాత్రి మేము ఆ రెండు ఆసుపత్రులకూ వెళ్ళినట్టు లోకంలో ఎక్కడా రుజువు లేదు. ఫోన్ పెట్టేసి చాలాసేపు కూర్చున్నాను. చిన్న ప్రశ్నే, కానీ ఈ మూడేళ్ళూ నన్ను వదల్లేదు. నా షాపులో పది రూపాయల మాత్రల అట్ట అమ్మినా బిల్లు రాయాలి. బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉండాలి. డ్రగ్ ఇన్‌స్పెక్టరు వచ్చి అడిగితే చూపించాలి. ఒక మనిషిని గేటు దగ్గర్నుంచి తిప్పి పంపడానికి మాత్రం చీటీ ముక్క అక్కర్లేదు.

అందుకని మిమ్మల్ని అడిగేది ఒకటే. చేర్చుకోండి అని అడగడం లేదు. చేర్చుకోలేనప్పుడు ఆ మాట కాగితం మీద రాసివ్వండి.

పెద్ద రిపోర్టు అక్కర్లేదు. అరచేతంత చీటీ చాలు. పేషెంటు పేరు, వచ్చిన టైము, వచ్చినప్పుడు బీపీ ఎంత, నాడి ఎంత, మీరు ఇచ్చిన మందు ఏది, ఎందుకు చేర్చుకోలేదు, ఎక్కడికి వెళ్ళమన్నారు, కింద ఒక సంతకం. కార్బన్ పెట్టి మూడు కాపీలు. ఒకటి పేషెంటు చేతికి, ఒకటి మీ దగ్గర, ఒకటి పథకం తరఫున మీ హాల్లోనే బల్ల వేసుకుని కూర్చునే ఆరోగ్యమిత్రకు. రాయడానికి రెండు నిమిషాలు. రాత్రి ఒంటిగంటకు కూడా రెండు నిమిషాలే.

ఈ మాట నా షాపు కొచ్చే ఒక డాక్టరు గారితో అంటే ఆయన నవ్వారు. "మీరు భలేవారండీ, అది రాసిస్తే రేపు కోర్టులో మా మెడకే చుట్టుకుంటుంది" అన్నారు. ఆయన మంచివారు, నేను గౌరవించే మనిషి. అయినా ఆ మాట నాకు ఎక్కలేదు. మెడకు చుట్టుకునేది ఎప్పుడో చుట్టుకుని ఉంది. 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ప్రభుత్వ డాక్టరైనా, ప్రైవేటు డాక్టరైనా ముందు ప్రాణం నిలబెట్టే పని చేయాలి, మిగతా లాంఛనాలు తర్వాత అని. ఆ కేసుకు మూలం ఏమిటి? స్కూటరు మీద వెళ్తూ దెబ్బ తగిలిన మనిషిని దగ్గర్లోని ఆసుపత్రి వాళ్ళు పోలీసు కేసు అంటూ ఇరవై కిలోమీటర్ల అవతలి ఆసుపత్రికి పొమ్మన్నారు, దారిలో పోయాడు. ఆ తర్వాత 1996లో ఇంకో తీర్పు వచ్చింది. రైల్లోంచి పడి తలకు దెబ్బ తగిలిన కూలీని కలకత్తాలో తిరస్కరించింది వరసగా ప్రభుత్వ ఆసుపత్రులు, చివరికి చేర్చుకున్నది ప్రైవేటు ఆసుపత్రి. తిప్పి పంపడం మీ ఒక్కరి జబ్బు కాదని చెప్పడానికే ఇది గుర్తు చేస్తున్నాను.

కాగితం ఉంటే మీకే రక్షణ. మేం చూశాం, బీపీ ఇంత ఉంది, ఫలానా మందు ఇచ్చాం, మా క్యాథ్ ల్యాబులో అప్పటికే ఇంకొకరు ఉన్నారు కాబట్టి ఫలానా చోటికి పంపాం, అని టైముతో సహా రాసి ఉంటే ఏ కోర్టు మిమ్మల్ని పట్టుకుంటుంది? భయపడాల్సింది ఎప్పుడంటే, అసలు కారణం రాయడానికి వీల్లేనిది అయినప్పుడు. "క్యాష్ కేసు వస్తుందేమోనని బెడ్డు ఆపాం" అని ఎవరూ సంతకం పెట్టి రాయలేరు. చీటీ పుస్తకం బల్ల మీద ఉంటే ఆ కారణం దానంతటదే కౌంటరు ఎక్కడం మానేస్తుంది.

ఇక మీ కష్టం. అది నాకు తెలియదనుకోకండి. బకాయి అంటే ఏమిటో మీ తర్వాత బాగా తెలిసింది నాలాంటి వాడికే. పథకం బిల్లులు కట్టే ట్రస్టు మీకు డబ్బు ఆపితే మీరు మందుల డిస్ట్రిబ్యూటరుకు ఆపుతారు, ఆయన నా మీద పడతాడు. పథకం పేరు రాజీవ్ ఆరోగ్యశ్రీ నుంచి ఎన్టీఆర్ వైద్యసేవ అయింది, వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయింది, మళ్ళీ ఎన్టీఆర్ వైద్యసేవ అయింది. జనం మాత్రం మొదట్నుంచీ "కార్డు" అనే అంటున్నారు, నేనూ అంతే. పేర్లు మారినంత చురుగ్గా బిల్లులు మారలేదు. 2023 డిసెంబరులో పరిమితిని 5 లక్షల నుంచి 25 లక్షలకు పెంచారు. పత్రికల నిండా ఆ అంకే. మా షాపు ముందు నిలబడిన పెద్దాయనకు కావాల్సింది 25 లక్షలు కాదు, ఆ రాత్రికి ఒక బెడ్డు.

2025 అక్టోబరులో మీ స్పెషాలిటీ ఆసుపత్రుల సంఘం 2,700 కోట్లు రావాలంటూ సేవలు ఆపేసింది. అంతకుముందూ ఆపారు, పార్టీ ఏది గద్దె మీద ఉన్నా ఆపారు. నేను మిమ్మల్ని తప్పు పట్టను. కిట్ల కంపెనీ, ఆక్సిజన్ వాడు, బ్యాంకు వాడు ఎవరూ ఆగరు. కానీ జరిగింది చూడండి. మీరు కోట్లలో ఒక అంకె చెప్పారు, ప్రభుత్వం ఇంతిచ్చాం అని ఇంకో అంకె చెప్పింది. మధ్యలో తిరిగిపోయిన మనుషుల అంకె ఎవరూ చెప్పలేదు, ఎవరి దగ్గరా లేదు కాబట్టి. అదే ఆ రోజుల్లో ప్రతి ఆసుపత్రీ తిప్పి పంపిన ప్రతి పేషెంటుకూ "బకాయిలు అందనందువల్ల కొత్త కేసులు తీసుకోవడం లేదు" అని పేరు, ఊరు, టైము రాసి సంతకం పెట్టి చీటీ ఇచ్చి ఉంటే? ఆ చీటీలు పల్నాడు పల్లెల్లో ఎమ్మెల్యేల ఇళ్ళ ముందు బల్లల మీద పడి ఉంటే? మీ సంఘం పంపిన వినతిపత్రాల కంటే అవి త్వరగా పని చేసేవని నా నమ్మకం. మీ సమస్య పేషెంటు నోట వినిపించేది. ఇప్పుడేమో పేషెంటు మిమ్మల్ని తిట్టుకుంటూ ఇంటికి పోతున్నాడు, మీరు ప్రభుత్వాన్ని తిట్టుకుంటున్నారు, ప్రభుత్వం నిద్రపోతోంది.

ఒక్కో జబ్బుకు పథకం ఇచ్చే ప్యాకేజీ రేట్లు చాలవన్నది మీ ఇంకో మాట. కొన్నిటికి నిజమే అయి ఉంటుంది. ఆ రేటుకు చేయలేకపోతే, చేయలేమని ఆ జబ్బుకు ఎదురుగా బోర్డు మీద రాయండి. అన్నీ చేస్తామని బోర్డు పెట్టి, గిట్టుబాటు అయినవి చేస్తూ, కానివాటికి సర్వర్ డౌన్ అనడం ఉంది చూశారా, దాని వల్ల నిజంగా సర్వర్ పడిపోయిన రోజున కూడా మిమ్మల్ని ఎవరూ నమ్మరు.

వేరే దారులు కూడా మన పక్కనే ఉన్నాయి. పెదకాకానిలో హైవే మీద శంకర కంటి ఆసుపత్రి ఉంది. డబ్బు కట్టగలిగిన ఇరవై మంది దగ్గర తీసుకుని మిగతా ఎనభై మందికి ఉచితంగా చేయాలన్నది వాళ్ళ లెక్క. పల్లెలకే బస్సు పంపి ముసలివాళ్ళను ఎక్కించుకుని, శుక్లం తీసి, అన్నం పెట్టి, మళ్ళీ ఊళ్ళో దింపుతారు. తాడిగడపలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. ఆ సంస్థను 1987లో హైదరాబాదులో మొదలుపెట్టిన గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు మన గుంటూరు మెడికల్ కాలేజీలో చదివినవారే. వీటిని చూపించి మీరూ ఇలా చేయండి అని చెప్పడం తేలిక, కానీ అది న్యాయం కాదు. శుక్లం ఆపరేషన్ నిమిషాల పని, పేషెంటు మర్నాడు ఇంటికి పోతాడు. ఐసీయూలో వెంటిలేటరు మీద పది రోజులు ఉండే మనిషికి ఆ లెక్క కుదరదు. కంటి ఆసుపత్రి నుంచి మీరు తెచ్చుకోగలిగింది ఆ ఇరవై, ఎనభై లెక్క కాదు. అక్కడ ఎవరికి ఉచితం, ఎవరికి కాదు అన్నది ముందే తేలిపోయి ఉంటుంది, అంతే.

మన ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్‌లో గుండె ఆపరేషన్లు ఎలా మొదలయ్యాయో మీలో చాలామందికి నాకంటే బాగా తెలుసు. ఆళ్ళ గోపాలకృష్ణ గోఖలే గారు ప్రైవేటులో పేరున్న సర్జన్. ఆయన బృందం వచ్చి పెద్దాసుపత్రి థియేటర్లో బైపాస్‌లు చేసింది. 2016లో అక్కడే గుండె మార్పిడి చేసింది. ఆ రోజు మా వీధిలో మిఠాయిలు పంచుకున్నాం. ప్రైవేటు వాళ్ళు వైద్యాన్ని జనానికి దగ్గర చేయడం అంటే కొత్త మేడ కట్టడం ఒక్కటే కాదని ఆ రోజు తెలిసింది. మా బావను ఆ రాత్రి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలన్న ఆలోచనే నాకు రాలేదు. అది నా కొత్తపేట గర్వం. ఎవరినీ అనడానికి లేదు.

పల్లెల్లో వైద్యం చేసే ఆర్ఎంపీలు మీకు పేషెంట్లను పంపి తీసుకునే కమిషన్ల సంగతి ఎత్తదలచుకోలేదు. ఎత్తితే ఈ లేఖ పది పేజీలవుతుంది, అందులో నా వీధి వాళ్ళ పేర్లు కూడా వస్తాయి. ఒక్కటి మాత్రం. ఏ ఊరి నుంచి ఎవరు పంపారో మీ దగ్గర పేరు, ఫోను నంబరుతో సహా పద్దు ఉంటుంది. వచ్చిన మనిషికి లేని పద్దు తెచ్చిన మనిషికి ఉంది.

మా వైపు తప్పులూ ఉన్నాయి. మూడంతస్తుల ఇల్లున్నవాడు తెల్ల కార్డు తీసుకొచ్చి ఏసీ రూము అడుగుతాడు. మనిషి పోతే బంధువులు అద్దాలు పగలగొడతారు. ఆ అద్దాలు పగిలిన రాత్రి డ్యూటీలో ఉన్నది కూడా ఏ ముప్ఫై ఏళ్ళ అమ్మాయో అయి ఉంటుంది. కౌంటరులో కుర్రాడు అబద్ధం చెబుతున్నాడన్న అనుమానం ఇంతగా పేరుకోకపోతే ఆ రాళ్ళు అంత తేలిగ్గా లేవవని మాత్రం నాకు అనిపిస్తుంది.

ట్రస్టు అధికారులు ఎవరైనా ఇది చదివితే వాళ్ళకు రెండు ముక్కలు. ఇప్పుడు రెండున్నర లక్షల వరకు బీమా కంపెనీ ద్వారా, ఆపైన 25 లక్షల వరకు ట్రస్టు ద్వారా అని కొత్త పద్ధతికి 2025 సెప్టెంబరులో మంత్రివర్గం ఒప్పుకుంది. అంటే కాదనడానికి ఇంకొక నోరు వస్తోంది. ఆసుపత్రి కంపెనీని చూపిస్తుంది, కంపెనీ కాగితాలు సరిగా లేవంటుంది. ఒప్పందాల్లో ఎన్నో షరతులు రాస్తారు కదా, చీటీ ఇవ్వకుండా ఎవరినీ తిప్పి పంపకూడదన్న షరతు ఒకటి చేర్చండి. ఫిర్యాదు చేసేవాడిని "రాసిచ్చిందేమైనా ఉందా" అని అడిగే ముందు, రాసివ్వాలన్న నియమం ఉండాలి కదా.

మళ్ళీ మీ దగ్గరికే వస్తాను. ప్రభుత్వం ఆ షరతు పెట్టేదాకా ఆగక్కర్లేదు. కొత్తపేటలో ఒక్క ఆసుపత్రి మొదలుపెడితే చాలు. మర్నాడు పొద్దున మాచర్ల బస్సు దిగిన వాళ్ళు నన్ను "ఆడ కార్డు తీసుకుంటారా?" అని అడిగితే, "తీసుకుంటే లోపలికి తీసుకుంటారు, లేకపోతే ఎందుకో రాసిస్తారు, ముందు అక్కడికే పొండి" అని చెప్పగలుగుతాను. నా షాపు ముందు రోజుకు ఎంతమంది ఆగుతారో మీ మార్కెటింగ్ కుర్రాళ్ళను అడగండి, వాళ్ళకు తెలుసు.

ఖర్చు అంటారేమోనని అది కూడా ఆలోచించి పెట్టుకున్నాను. అరండల్‌పేటలో మా బిల్లు పుస్తకాలు వేసే ప్రెస్సు వాడితో మాట్లాడాను. వంద చీటీల పుస్తకం, మూడు రంగుల కాగితం, నంబర్లతో సహా. మొదటి యాభై పుస్తకాలు నా ఖర్చుతో వేయిస్తాను. పైన మీ ఆసుపత్రి పేరు మీరే ముద్ర వేసుకోండి. నమూనా ఒకటి షాపులో గల్లాపెట్టె పక్కన పెట్టాను. ఆ "ఎందుకు చేర్చుకోలేదు" అన్నచోట గీత కాస్త పొడుగ్గా ఉండాలా, ఉన్నది సరిపోతుందా అన్నది మాత్రం మీరు వచ్చి చూసి చెప్పాలి. పొద్దున ఆరున్నర నుంచి ఉంటాను. కార్బన్ పేపరు మాత్రం మీరే తెచ్చుకోండి.

ఇట్లు,
కొత్తపేట మందుల షాపు మనిషి,
గుంటూరు